చర్చ: పంపు ఆగినప్పుడల్లా 20×4 డిస్‌ప్లేలో పిచ్చి అక్షరాలు (హెర్మ్స్ ప్యానెల్, నోడ్‌ఎంసీయూ)

డల్లాస్‌మాష్:
240 వోల్టుల హెర్మ్స్ ప్యానెల్ (ఇంట్లో బీరు కాచేటప్పుడు మాల్ట్ నీళ్లని పంపుతో తిప్పుతూ వేడి చేసే ఏర్పాటుకి కంట్రోల్ డబ్బా). కంట్రోలర్ నోడ్‌ఎంసీయూ (ఈఎస్‌పీ8266). డిస్‌ప్లే 20 అక్షరాలు, 4 వరుసల నీలం ఎల్‌సీడీ, దాని వెనక పీసీఎఫ్8574 చిప్ ఉన్న ఐ2సీ బోర్డు (ఎస్‌డీఏ డేటా, ఎస్‌సీఎల్ క్లాక్ అనే రెండు లైన్ల మీద మాట్లాడేది). డిస్‌ప్లేని ప్యానెల్‌కి బయట విడి డబ్బాలో పెట్టాను, మధ్యలో 2 మీటర్ల క్యాట్5 కేబుల్. 5,500 వాట్ల ఎలిమెంట్ ఎస్‌ఎస్‌ఆర్ (కదిలే భాగాలు లేని ఎలక్ట్రానిక్ రిలే) మీద, పంపు 120 వోల్టుల కాయిల్ ఉన్న కాంటాక్టర్ (పెద్ద రిలే) మీద నడుస్తున్నాయి. బల్ల మీద చిన్న వైర్లతో అంతా బాగానే ఉంది. ప్యానెల్లోకి ఎక్కించాక రెండు ఇబ్బందులు. కొన్నిసార్లు ఆన్ చేయగానే 1, 3 వరుసల్లో నల్ల గడులే కనిపిస్తాయి. పంపు ఆపితే తెరంతా పిచ్చి అక్షరాలు. అదే సమయంలో ఫోన్‌లో వెబ్ పేజీ తెరిస్తే ఉష్ణోగ్రతలు సరిగ్గానే ఉంటాయి. డిస్‌ప్లే మార్చాలా?

ట్రెంటన్‌టంకం:
మార్చకండి. వెబ్ పేజీ సరిగ్గా ఉందంటే సెన్సర్లు, కంట్రోలర్ బాగున్నట్టే. 1, 3 వరుసల్లో గడులు కనిపిస్తున్నాయంటే ఎల్‌సీడీకి కరెంటు అందింది, మొదలుపెట్టే ఆదేశాలు మాత్రం అందలేదు.

అసలు తిరకాసు వోల్టేజీలో ఉంది. నోడ్‌ఎంసీయూ పిన్నులు 3.3 వోల్టులవి. పీసీఎఫ్8574కి 5 వోల్టులు ఇస్తే, 'ఒకటి' అని గుర్తించడానికి దానికి సరఫరాలో 0.7 వంతు, అంటే కనీసం 3.5 వోల్టులు కావాలి. బల్ల మీద పని చేసిందంటే ఆ బోర్డు మీద ఉన్న 4.7 కిలో ఓమ్ పుల్‌అప్‌లు (లైన్‌ని సరఫరాకి కలిపే రెసిస్టర్లు) లైన్లను 5 వోల్టుల వైపు లాగడం వల్లే. అంటే మీ ఈఎస్‌పీ పిన్నులకు 3.3 కంటే ఎక్కువ తగులుతోంది, అది చిప్‌కి మంచిది కాదు.

మందు: రెండు ఛానెళ్లు చాలు, బీఎస్ఎస్138 లెవెల్ షిఫ్టర్ (3.3, 5 వోల్టుల సిగ్నళ్లని ఒకదానికొకటి మార్చే చిన్న బోర్డు) పెట్టండి. తక్కువ వోల్టేజీ వైపు 3.3 వోల్టులు, డీ2 (ఎస్‌డీఏ), డీ1 (ఎస్‌సీఎల్). ఎక్కువ వోల్టేజీ వైపు 5 వోల్టులు, డిస్‌ప్లే ఎస్‌డీఏ, ఎస్‌సీఎల్. గ్రౌండ్ అందరికీ ఒకటే. 5 వోల్టులను నోడ్‌ఎంసీయూ పిన్ను నుంచి కాకుండా నేరుగా ఎస్‌ఎంపీఎస్ (ప్యానెల్‌లోని పవర్ సప్లై) నుంచి తీసుకోండి.

డిస్‌ప్లేని 3.3 వోల్టులతో నడిపితే షిఫ్టర్ అక్కర్లేదని కొందరు చెబుతారు. లాజిక్ నడవచ్చు కానీ 5 వోల్టుల ఎల్‌సీడీకి అప్పుడు కాంట్రాస్ట్ రాదు.

గుంటూరుమాల్ట్:
టంకం గారు చెప్పింది మొదటి జబ్బుకి. పంపు ఆగినప్పుడు వచ్చేది వేరే. కాంటాక్టర్ కాయిల్‌కి కరెంటు తెగగానే వందల వోల్టుల స్పైక్ లేస్తుంది, పొడుగు కేబుల్ దాన్ని యాంటెన్నాలా అందుకుంటుంది. ఎల్‌సీడీ 4 బిట్ల పద్ధతిలో నడుస్తుంది కాబట్టి ప్రతి అక్షరం రెండు ముక్కలుగా వెళ్తుంది. స్పైక్ వల్ల ఒక్క ముక్క ఎక్కువో తక్కువో అయితే, ఆ తర్వాత వచ్చేవన్నీ తప్పుగా జత కడతాయి. అందుకే స్పైక్ క్షణంలో పోయినా తెర తనంతట తాను బాగుపడదు.

స్పైక్‌ని పుట్టిన చోటే ఆపాలి. కాయిల్ రెండు చివరల మధ్య 100 ఓమ్, 0.1 మైక్రోఫారడ్ ఆర్‌సీ స్నబ్బర్ (స్పైక్‌ని మింగే రెసిస్టర్, కెపాసిటర్ జత) పెట్టండి. కెపాసిటర్ తప్పనిసరిగా ఎక్స్2 రకం (మెయిన్స్ మీద పెట్టడానికే చేసినది), 275 వోల్టుల ఏసీ రేటింగ్‌ది. మామూలు సిరామిక్ డిస్క్ మెయిన్స్ మీద పెట్టకూడదు, ఫెయిలయితే మంటే. డీసీ కాయిల్ అయితే 1ఎన్4007 డయోడ్‌ని తిరగేసి పెడితే చాలు, ఏసీ కాయిల్ మీద డయోడ్ పెట్టకండి.

ఇక కేబుల్. ఎస్‌డీఏ, ఎస్‌సీఎల్ రెండూ ఒకే మెలిక జతలో ఉన్నాయేమో చూడండి. క్యాట్5లో చాలామంది అలాగే వేస్తారు, ఒకదాని గోల ఇంకోదానిలోకి దూరుతుంది. నీలం జత ఎస్‌డీఏ, గ్రౌండ్. ఆకుపచ్చ జత ఎస్‌సీఎల్, గ్రౌండ్. నారింజ జత 5 వోల్టులు, గ్రౌండ్. డిస్‌ప్లే చివర 100 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలైటిక్, దాని పక్కనే 0.1 మైక్రోఫారడ్ సిరామిక్. మెయిన్స్ వైర్లతో ఒకే గ్లాండ్ (కేబుల్ డబ్బా దాటే బిగింపు రంధ్రం) లోంచి ఈ కేబుల్ తీయకండి, ప్యానెల్ లోపల కూడా కలిపి కట్టొద్దు. ఒకదాన్నొకటి దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి. వైరింగ్ ముట్టుకునే ముందు బ్రేకర్ దించి మీటర్‌తో చూసుకోండి.

పైసర్వర్:
2 మీటర్ల దూరానికి ఐ2సీ వేగం 100 కిలోహెర్ట్జ్ దాటొద్దు. పీసీఎఫ్8574 రేటింగే అంత. అదే లైన్ల మీద చిన్న ఓలెడ్ కూడా ఉంటే జాగ్రత్త, దాని లైబ్రరీలు కొన్ని ఈ లైన్ల వేగాన్ని 400 కిలోహెర్ట్జ్‌కి ఎత్తేస్తాయి. ఎల్‌సీడీ ఆ వేగాన్ని తట్టుకోలేదు.

రాస్‌ప్‌బెర్రీ పై మీద ఇదే ఎల్‌సీడీ పెట్టేవాళ్లకి: రాస్‌ప్‌బెర్రీ బోర్డు మీదే 3, 5 పిన్నులకు 1.8 కిలో ఓమ్ పుల్‌అప్‌లు 3.3 వోల్టులకు ఉన్నాయి. డిస్‌ప్లే బోర్డు 4.7 కిలో ఓమ్‌లు 5 వోల్టులకు. రెండూ కలిస్తే లెక్కకు లైన్ మీద 3.7 దాటుతుంది. షిఫ్టర్ లేకుండా పెట్టొద్దు.

డల్లాస్‌మాష్:
షిఫ్టర్, స్నబ్బర్, జతల మార్పు మూడూ చేశాను. నల్ల గడులు పోయాయి. పంపు ఆపితే పిచ్చి అక్షరాలు దాదాపు లేవు, ఎప్పుడైనా ఒకసారి వస్తున్నాయి. కోడ్‌లో ఏమైనా చేయవచ్చా? ఇంకోటి, కొత్త డిస్‌ప్లే ఒకటి స్పేర్‌గా తెచ్చాను, బ్యాక్‌లైట్ వెలుగుతోంది కానీ ఏమీ కనిపించడం లేదు.

ట్రెంటన్‌టంకం:
స్పేర్ సంగతి ముందు. వెనక బోర్డు మీద నీలం ట్రిమ్మర్‌ని సన్న స్క్రూడ్రైవర్‌తో మెల్లగా తిప్పండి. గడులు లీలగా కనబడే చోట ఆపి, కాస్త వెనక్కి. ఎటు తిప్పినా మార్పు లేకపోతే ఐ2సీ చిరునామా (లైన్ మీద ఆ బోర్డుని పిలిచే నంబరు) చూడాలి. పీసీఎఫ్8574 అయితే హెక్స్‌లో 20 నుంచి 27 మధ్య, చివర 'ఏ' ఉన్న పీసీఎఫ్8574ఏ అయితే 38 నుంచి 3ఎఫ్ మధ్య ఉంటుంది. జంపర్లు ముట్టుకోకపోతే సాధారణంగా 27 లేదా 3ఎఫ్. ఐ2సీ స్కానర్ స్కెచ్ (చిరునామాలు వెతికే చిన్న ప్రోగ్రామ్) ఎక్కిస్తే తెలిసిపోతుంది. చిరునామా దొరికినా అక్షరాలు రాకపోతే ఆ బోర్డు పిన్నుల వరుస మీ లైబ్రరీ అనుకున్నది కాదు. హెచ్‌డీ44780 అనే లైబ్రరీ చిరునామానీ పిన్నుల వరుసనీ తనే వెతుక్కుంటుంది, అది వాడండి.

గుంటూరుమాల్ట్:
కోడ్‌లో: కాంటాక్టర్ మారిన ప్రతిసారీ 200 మిల్లీసెకన్లు ఆగి ఎల్‌సీడీని మళ్లీ ఇనిషియలైజ్ చేసి, నాలుగు వరుసలూ తిరిగి రాయండి. ముక్కల జత మళ్లీ కుదురుతుంది. ఇది తోడు మందు మాత్రమే, స్నబ్బర్‌కి బదులు కాదు.

స్కానర్‌కి ఏ చిరునామా దొరక్కపోతే మీటర్‌తో ఎస్‌డీఏ చూడండి. ఖాళీగా ఉన్నప్పుడు డిస్‌ప్లే వైపు 5 దగ్గర ఉండాలి. 0 దగ్గర అతుక్కుపోయి ఉంటే ఏదో చిప్ మధ్యలో ఆగి లైన్‌ని పట్టుకుని ఉంది. ఎస్‌సీఎల్ మీద 9 క్లాక్ పల్స్‌లు పంపితే వదిలేస్తుంది. కంట్రోలర్ రీసెట్ ఒక్కటే చాలదు, డిస్‌ప్లేకి పవర్ తీసి పెడితే తప్పకుండా పోతుంది.

పైసర్వర్:
తెర తప్పు కానివి కొన్ని. 85.0 అని ఆన్ చేయగానే కనబడితే ఉష్ణోగ్రత సెన్సర్ డీఎస్18బీ20 ఇంకా కొలవలేదు. మైనస్ 127 అయితే సెన్సర్ వైరు తెగింది, లేదా దాని 4.7 కిలో ఓమ్ పుల్‌అప్ లేదు. మరిగాక 100.0 నుంచి 99.9కి దిగినప్పుడు తెర మీద 99.90 కనబడితే పాత సున్నా మిగిలిపోయింది. ప్రతిసారీ 5 అక్షరాల వెడల్పుతో రాయండి. దానికోసం తెర మొత్తం చెరిపితే రెపరెపలాడుతుంది. మూడో వరుస రాతలు మొదటి వరుస చివరి నాలుగు గడుల్లో మొదలైతే లైబ్రరీకి 20 బదులు 16 నిలువు గడులని చెప్పారు.

డల్లాస్‌మాష్:
స్పేర్ చిరునామా 3ఎఫ్, ఇప్పుడు వెలిగింది. డిగ్రీ గుర్తు బదులు వేరే గీత వస్తోంది. తెలుగులో 'మాష్', 'మరుగు' అని వేయవచ్చా?

ట్రెంటన్‌టంకం:
డిగ్రీ గుర్తుకి 223 నంబరు అక్షరం పంపండి. అది జపనీస్ కానా అక్షరాలున్న రోమ్ (ఎల్‌సీడీ చిప్‌లో ముందే ఉన్న అక్షరాల పట్టిక) రకానికి. మీ దాంట్లో యూరప్ అక్షరాలున్నది వస్తే 176 ప్రయత్నించండి. తెలుగు కష్టం. సొంతంగా గీసుకోగల అక్షరాలు 8 మాత్రమే, ఒక్కోటి 5 చుక్కల వెడల్పు, 8 ఎత్తు. గుణింతాలు, వత్తులు అందులో చదవగలిగేలా రావు. తెలుగు కావాలంటే 128×64 గ్రాఫిక్ డిస్‌ప్లే తీసుకుని, ఒక్కో మాటని బొమ్మగా దాచుకుని చూపించండి. ఆ డిస్‌ప్లే ఎస్‌పీఐ (ఐ2సీ కంటే వేగంగా నడిచే పద్ధతి) రకమైతే మాత్రం 2 మీటర్ల కేబుల్ మీద పెట్టకండి, ప్యానెల్ తలుపుకే బిగించండి.