పీహెచ్‌సీ డాక్టర్లకు నాయకత్వ శిక్షణ ఫోన్లో ఇస్తే సరిపోతుందా?

రాజోలు ఎంవో:
మెడికల్ ఆఫీసర్లకు నాయకత్వ శిక్షణ మొత్తం ఆన్‌లైన్‌లోనే పెట్టేయాలని, విజయవాడ పిలిపించి వారం రోజులు కూర్చోబెట్టడం దండగని మా డాక్టర్లలోనే చాలామంది వాదన. నేను ఒప్పుకోను. ఏ జ్వరానికి ఏ మందో ఫోన్లో నేర్చుకోవచ్చు. వరదొచ్చిన రాత్రి ఎంఆర్‌వో గారి చేత పడవ ఇప్పించుకోవడం ఏ వీడియో నేర్పుతుంది? మీరేమంటారు?

రిటైర్డ్ ఏఎన్‌ఎం:
బాగా అడిగారు డాక్టరు గారూ. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. అక్కడ మూడో హెచ్చరిక 53కే ఎగరేస్తారు. ఆ నీళ్లు ధవళేశ్వరం దిగేలోపు మన చేతిలో ఉండేది దాదాపు ఒక్క రోజండి. ఆ రోజులోనే నది మధ్య లంకల్లో నెలలు నిండినవాళ్ల లిస్టు తీసి, డేటు దగ్గరపడ్డవాళ్లని అమలాపురమో రాజోలో చేర్చేయాలి. లిస్టు మా దగ్గరుంటుంది. పడవ రెవెన్యూ వాళ్ల చేతిలో ఉంటుంది. "ఇది ఆస్పత్రికెళ్తే గేదెల్ని ఎవరు చూస్తారు, నీళ్లొచ్చాక చూద్దాంలే" అనే అత్తగారిని ఒప్పించేది ఆశా. వీళ్లందర్నీ పొద్దుగూకేలోపు ఒక మాట మీదకి తేగలిగినవాడే డాక్టరు. స్టెత్ మెడలో వేసుకున్న ప్రతివాళ్లకీ అది రాదు, చూశాం కదా.

ముమ్మిడివరం ఎంఎల్‌హెచ్‌పీ (ఊరి క్లినిక్‌ చూసే ఆరోగ్య అధికారి):
అక్కా, మీ మాట కాదనను. కానీ ఆ వారం రోజుల ట్రైనింగులకి ఎవరెళ్తున్నారో చూడండి. ఎప్పుడూ ఆ నలుగురు మగవాళ్లే. చంటిపిల్లని వదిలి నేనెలా వెళ్లను? డాక్టరు ఒక్కరే ఉన్నచోట ఆయన వెళ్లిపోతే ఓపీ ఎవరు చూస్తారు? ఫోన్లో అయితే పాపని పడుకోబెట్టి వింటాను. నాయకత్వం మాకూ కావాలి కదండీ.

కాకినాడ మాస్టారు (కమ్యూనిటీ మెడిసిన్):
ఇది కొత్త గొడవేం కాదు. స్మార్ట్‌ఫోన్లు రాకముందే ఢిల్లీలోని జాతీయ ఆరోగ్య కుటుంబ సంక్షేమ సంస్థ డాక్టర్లకు ఆరోగ్య నిర్వహణ కోర్సు దూరవిద్యలో నడిపింది. ఇక అమెరికాలో న్యూ మెక్సికో సంగతి చెప్తాను. హెపటైటిస్-సి రోగులు పెద్దాస్పత్రికి రాలేకపోతున్నారని డాక్టర్ సంజీవ్ అరోరా 2003లో 'ఎకో' మొదలెట్టారు. పల్లెల్లోని డాక్టర్లు వారంవారం వీడియోలో తమ సొంత కేసు తెచ్చి చెప్పేవారు, నిపుణులతో పాటు తోటి డాక్టర్లూ దాన్ని విప్పి చూసేవారు. వాళ్ల దగ్గర వైద్యం చేయించుకున్నవాళ్లకీ యూనివర్సిటీ క్లినిక్‌లో చేయించుకున్నవాళ్లకీ నయమైన శాతంలో చెప్పుకోదగ్గ తేడా లేదని 2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చింది. అక్కడ పాఠం చెప్పి వెళ్లిపోరు, మన కేసు మన చేతే చెప్పిస్తారు. పనిచేసింది అదీ.

రాజోలు ఎంవో:
మాస్టారూ, హెపటైటిస్ వైరస్ పడవ అడగదు. అది వైద్యం, మందు డోసు తెలిస్తే సగం అయిపోయినట్టే. పైగా జూమ్‌లో పై అధికారి కూర్చుని ఉంటే "నా సెంటర్లో క్లోరినేషన్ జరగలేదు సార్" అని ఎవరంటారు? అందరూ మ్యూట్‌లో "ఎస్ సార్". భోజనాల దగ్గర పక్కన కూర్చుంటేనే అసలు మాట బయటికొస్తుంది.

చించినాడ కుర్రోడు (డేటా ఎంట్రీ):
ఆయ్, మా సెంటర్లో ఎలా అవుతుందో చెప్పనాండి? ఓపీ నడుస్తుంటే పక్కన ఫోన్లో వీడియో దానంతటదే నడుస్తూ ఉంటది, సౌండు తగ్గించి. క్విజ్ జవాబులు గ్రూపులో ముందే వచ్చేస్తాయి. సర్టిఫికెట్ ప్రింటు తీసిచ్చేది నేనే. అందులో సార్ పేరు తప్పు పడితే గానీ ఎవరూ చదవరు 😄

కాకినాడ మాస్టారు:
నువ్వు చెప్పేది రికార్డు చేసిన వీడియో సంగతి, తమ్ముడూ. నేను చెప్పేది మొహం మొహం చూసుకుని మాట్లాడుకునేది. దానికి డ్యూటీలోంచి నికరంగా రెండు గంటలు వదలాలి. అది వదలకుండా ఆన్‌లైన్ అంటే ఖర్చు తగ్గించుకోవడమే, శిక్షణ కాదు. ఎంవో గారూ, పై అధికారి ముందు నోరు లేవదన్న మాట మాత్రం నిజం. అందుకే ఆ కాల్‌లో ఆయన ఉండకూడదు. పక్క జిల్లా డాక్టర్లుండాలి.

ముమ్మిడివరం ఎంఎల్‌హెచ్‌పీ:
పెట్టేదేదో బుధవారం, శనివారం పెట్టకండి సార్, టీకాల రోజులు.

రిటైర్డ్ ఏఎన్‌ఎం:
జూన్‌కి ముందు ఒక్కరోజు అందర్నీ లంకకి తీసుకెళ్లి పడవెక్కించండి. గర్భిణిని గట్టు మీంచి పడవలోకి ఎలా దింపాలో, ఆక్సిజన్ సిలిండరు ఎక్కడ కట్టాలో చేతులతో చేసి చూడాలి. మిగతాదంతా ఫోన్లో పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

రాజోలు ఎంవో:
ఆ ఒక్కరోజు ఉంటే నేనూ సగం దిగొస్తాను. కానీ ఆ వీడియో కాల్‌లో ఎంఆర్‌వో, ఎంపీడీవో కూడా ఉండాలి. మా డాక్టర్లం మాలో మేమే చెప్పుకుంటే పడవ వస్తుందా? వాళ్లు జాయిన్ అవుతారంటారా?

చించినాడ కుర్రోడు:
లింకు కలెక్టరాఫీసు నుంచి వస్తే అవుతారండి. మన ఆఫీసు నుంచి పంపితే చూడను కూడా చూడరు.