74 ఏళ్లు, బీపీ 168/62: పై అంకె తగ్గించాలా, కింది అంకె కాపాడాలా?

బృహద్ధమని
వయసు 74. షుగర్ లేదు, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) బాగానే ఉంది. మూడు వేర్వేరు రోజుల్లో చూస్తే 168/62, 170/64, 166/60. "వందకు వయసు కలిపినంత ఉండొచ్చు" అనే పాత లెక్క ఇంకా ఇళ్లలో నడుస్తోంది. ఆ లెక్క తప్పు, ఈ మనిషికి మందు కావాలి అంటాను.

గుండె ఒక్కో దెబ్బకు సుమారు 70 మి.లీ. రక్తం వదులుతుంది. సాగే గుణమున్న బృహద్ధమని (గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం) అందులో సగం దాకా తనలో పట్టి ఉంచి, గుండె సేద తీరేటప్పుడు ముందుకు తోస్తుంది. ఆ సాగుడు ఎలాస్టిన్ పోగులది. అవి దాదాపుగా పుట్టకముందూ చిన్నతనంలోనూ తయారవుతాయి, పెద్దయ్యాక కొత్తవి రావు. నిమిషానికి 70 దెబ్బల చొప్పున ఏడాదికి 3.6 కోట్లకు పైగా సాగి సాగి అవి తెగుతాయి. భారం బిరుసైన కొల్లాజెన్ మీద పడుతుంది, గోడ మధ్య పొరలో కాల్షియం చేరుతుంది. పట్టి ఉంచే చోటు లేనప్పుడు పై అంకె ఎగురుతుంది, తోసేది లేనప్పుడు కింది అంకె పడుతుంది. కాబట్టి ఆ 62ను చూసి "బీపీ తక్కువే" అనుకోకూడదు. అది బిరుసుకు గుర్తు.

కింది_అంకె
శరీర ధర్మం సరే. కానీ ఎడమ గుండె కండరానికి రక్తం ఎక్కువగా అందేది సేద తీరే సమయంలోనే, అంటే కింది అంకె ఉన్నప్పుడే. బిరుసు ధమనికి ఎదురుగా తోసి తోసి కండరం మందమైంది, దాని ఆకలి పెరిగింది. పైగా గుండె రక్తనాళాల్లో పూడికలుంటే 62ను 52 చేయడం చిన్న విషయం కాదు. పెద్దవయసువాళ్ల పై అంకె మీద జరిగిన, మీరు తప్పక ఎత్తే షెప్ అధ్యయనంలోనే, మందు మీద కింది అంకె బాగా పడినవాళ్లకు ముప్పు పెరిగిందని 1999 విశ్లేషణ చూపింది.

బృహద్ధమని
ఆ విశ్లేషణను కాదనను. కానీ అసలు ఫలితం కూడా చెప్పాలి కదండీ. 1991లో వచ్చిన షెప్‌లో 60 దాటిన 4,736 మంది ఉన్నారు. అందరికీ పై అంకె 160, ఆపైన. కింది అంకె 90 లోపు. సరిగ్గా మన ప్రశ్నే. క్లోర్‌థాలిడోన్ అనే నీరు తీసే మాత్ర 12.5 మి.గ్రా.తో మొదలుపెట్టారు. ఐదేళ్లలో పక్షవాతం ప్రతి వందమందిలో 8.2 నుంచి 5.2కు తగ్గింది. పూడికలున్నాయని తెలిసినవాళ్ల విషయంలో మాత్రం మీ జాగ్రత్త న్యాయమే.

కఫ్_కొలత
ఇద్దరూ మందు దగ్గరకు వెళ్లిపోయారు, కొలత సంగతి ఎవరూ అడగలేదు. జబ్బ చుట్టుకొలత 27–34 సెం.మీ. అయితే మామూలు కఫ్ (బీపీ చూసేటప్పుడు చేతికి చుట్టే పట్టీ) సరిపోతుంది. 35 దాటితే పెద్దది కావాలి. చిన్నది చుడితే అంకె ఉత్తుత్తినే పెరుగుతుంది. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలమీద పెట్టి, మాట్లాడకుండా 5 నిమిషాలు కూర్చున్నాకే చూడాలి. చేయి గుండె ఎత్తులో ఉండాలి.

తర్వాత లేపి నిలబెట్టి 1 నిమిషానికి, 3 నిమిషాలకు మళ్లీ చూడాలి. ఎక్కువమంది వదిలేసేది ఇదే. నిలబడగానే పై అంకె 20 పడితే ఆ మనిషికి మందు తొందరపాటుగా పెంచితే స్నానాల గదిలో పడి తుంటి విరుగుతుంది. 2015 స్ప్రింట్ అధ్యయనం పై అంకె 120 లోపు ఉంటే మేలని చూపింది, నిజమే. కానీ నిలబడితే 110 లోపు ఉన్నవాళ్లను, షుగర్ ఉన్నవాళ్లను, పక్షవాతం వచ్చినవాళ్లను అందులో చేర్చుకోలేదు. ఆ 120ని అందరికీ అంటగట్టకండి.

నాడి_వేగం
మందు ఎంపిక కూడా ముఖ్యమే. గుండె వేగం తగ్గించే అటెనలాల్, చేతి దగ్గర బీపీని ఆమ్లోడిపిన్ అనే మరో బీపీ మందుతో సమానంగానే తగ్గిస్తుంది. బృహద్ధమని దగ్గర మాత్రం అంతగా తగ్గించదు. 2006లో కేఫ్ అధ్యయనంలో ఆ తేడా సుమారు 4 మి.మీ. వచ్చింది. గుండె నెమ్మదిస్తే దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం పెరిగి కింది అంకె ఇంకా జారుతుంది. గుండెపోటు, లయ తప్పడం వంటి వేరే కారణం లేకపోతే ఇలాంటి మనిషికి అటెనలాల్ మొదటి మందు కాకూడదు.

నీరు తీసే మాత్ర మొదలుపెట్టిన 2–4 వారాల్లో సోడియం, పొటాషియం చూడాలి. మే నెల ఎండల్లో చెమట, పైన విరేచనాలు తోడైతే సోడియం పడిపోయి తూలడం, తికమక వస్తాయి. ఇంట్లోవాళ్లు వయసు మతిమరుపు అనుకుంటారు. అప్పుడు వెంటనే డాక్టరుకు చూపించాలి.

కింది_అంకె
ఉప్పు సంగతి కూడా కలపండి. రోజుకు 5 గ్రాములంటే ఒక చిన్న చెంచా, ఆవకాయ, అప్పడం అన్నీ అందులోనే. పొటాషియం కలిపిన తక్కువ సోడియం ఉప్పు మంచిదే గానీ, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు, టెల్మిసార్టాన్, రామిప్రిల్, స్పైరోనోలాక్టోన్ వంటి మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా ముట్టకూడదు.

మందు వేయాలన్నది ఒప్పుకుంటున్నాను. నెలకు ఒక మెట్టు చొప్పున పై అంకెను 140 లోపుకు తేవచ్చు. అక్కడి నుంచి 130కి దించే ముందు కింది అంకె 55 దగ్గర ఉందా, ఛాతీలో పట్టేసినట్టుందా అని చూడకుండా మోతాదు పెంచడానికి మాత్రం ఒప్పుకోను.

బృహద్ధమని
నిలబడి తీసిన అంకె 130 దాటి ఉండి, తల తిరగకపోతే నేను 130 వైపే వెళ్లమంటాను. అక్కడ మనకు ఇంకా తేడా ఉంది.