కొత్త బోర్లు వద్దని ఊరంతా ఒప్పుకోవడం సాధ్యమేనా?

చీనీతోట (శింగనమల వైపు, అనంతపురం జిల్లా)
వచ్చే ఆదివారం మా ఊళ్లో రచ్చకట్ట దగ్గర సమావేశం ఉంది. ప్రతిపాదన ఇది: ఐదేళ్లపాటు ఎవరూ కొత్త బోరు వేయకూడదు, ఉన్న బోర్ల నీళ్లు పక్క చేలకు కూడా రక్షక తడిగా, అంటే పంట ఎండిపోకుండా కాపాడే తడిగా ఇవ్వాలి. దీన్ని తెచ్చినవాళ్లలో నేనూ ఒకణ్ని. ఊరు రెండుగా చీలింది. మీ అనుభవం చెప్పండి.

నాకు ఈ ఆలోచన ఎందుకు వచ్చిందో చెబుతాను. మా చీనీ (బత్తాయి) చెట్లు పన్నెండేళ్లవి. పోయిన వేసవిలో మోటారు పది నిమిషాలు నీళ్లు పోసి గాలి తన్నడం మొదలుపెట్టింది. మూడో బోరు వేయించాను. రాత్రంతా రిగ్గు లారీ పక్కనే కూర్చున్నాను. ఎనిమిది వందల అడుగులు దాటినా తడి తగల్లేదు, రాతిపిండి తెల్లగా లేచి తోట మీద పడుతూనే ఉంది. తెల్లవారాక మా ఆవిడ వచ్చింది. ఒక కాయను కొంగుతో తుడిచి చూసి, మాట్లాడకుండా ఇంట్లోకి వెళ్లిపోయింది. నెల తిరక్కుండానే పక్క చేను ఆయన బోరు వేశాడు. ఆయనకు నీళ్లు పడ్డాయి, నా రెండో బోరు ఆగిపోయింది. ఆయనను తప్పుపట్టలేను. ఆయన స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ని. నా భయమంతా అదే.

మెట్టచేను
అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ నాకు అసలు బోరే లేదు. నాలుగెకరాల ఎర్రనేల. వాన పడితే వేరుశనగ, పడకపోతే బెంగళూరులో కూలి. ఇన్నాళ్లూ బోర్లున్నవాళ్లు తోడుకున్నారు. నేను నాలుగు రూపాయలు కూడబెట్టి రిగ్గును పిలుద్దామనుకునే వేళకు ‘ఇక ఎవరూ వేయవద్దు’ అంటే ఆ కట్టుబాటు ఎవరి మీద పడుతుంది? మీకున్న బోరుకు ఏమీ కాదు, నా ఆశ మాత్రం ఆగిపోతుంది. రక్షక తడి ఇస్తామంటున్నారు. ఎన్ని తడులు? ఏ నెలలో? పైపు ఖర్చు ఎవరిది? మీ తోట ఎండుతున్న రోజున కూడా నా చేనుకు వాల్వు తిప్పుతారా? ఇవి కాగితం మీద రాసి ఇవ్వండి, వస్తాను.

నల్లరేగడి (ఆదోని)
నిషేధం పెడితే నీళ్లు మిగులుతాయని నేను నమ్మను. నీరు, భూమి, చెట్ల చట్టం 2002లోనే వచ్చింది. వాల్టా అని పిలిచేది దాన్నే. ప్రజల తాగునీటి బావికి 250 మీటర్ల లోపు కొత్త బోరు తవ్వకూడదని అందులో ఉంది. మా ఊళ్లో తాగునీటి బోరు పక్కనే రెండు వ్యవసాయ బోర్లున్నాయి. ఆపినవాళ్లు లేరు. పైగా 2004 నుంచి సాగుకు కరెంటు ఉచితం. మోటారు కట్టేయాలన్న తొందర ఎవరికి ఉంటుంది? కొత్త బోర్లు ఆగినా, ఉన్న బోర్ల కింద వరి వేస్తే మీ ఐదేళ్లూ వృథా. ముందు పంటల సంగతి మాట్లాడండి.

పెన్నాతీరం
నల్లరేగడి గారి మాటకు లెక్క కలుపుతాను. ఎకరంలో అంగుళం వాన పడితే సుమారు లక్ష లీటర్లు. అనంతపురం సగటు వాన ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్లు, అంటే ఎకరానికి 22 లక్షల లీటర్లు. అడుగున రాయి ఉన్న మన నేలల్లో అందులో పదో వంతు లోపలికి దిగితే గొప్ప. ఇక వరికి 1,200 మిల్లీమీటర్ల నీళ్లు కావాలి. అంటే ఎకరానికి 48 లక్షల లీటర్లు! అందులో సగం తిరిగి ఇంకిందనుకున్నా, ఒక్క ఎకరం వరి పదెకరాలకు పైగా నేలలోకి దిగిన వానను తాగేస్తుంది. బోరు లేని మెట్టచేను గారి పొలం మీద పడిన వాన కూడా అందులో ఉంది. కాబట్టి ఆయన అడుగుతున్నది దయ కాదు, వాటా.

ఇంకొకటి. 2000 దశకంలో అనంతపురం, కర్నూలుతో సహా ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భజలాన్ని కొలుచుకునే పథకం నడిచింది. ఊళ్లో వానమాపకం పెట్టుకుని, బోర్ల నీటిమట్టం రాసుకుని, రబీ ముందు అందరూ కూర్చుని ఉన్న నీళ్లెన్ని, ఏ పంట ఎన్ని ఎకరాలకు సరిపోతుంది అని చూసుకునేవారు. నిషేధం, జరిమానా లేవు. లెక్క కళ్లముందు ఉంటే చాలామంది తమంతట తామే వరి తగ్గించుకున్నారు.

ముంపు ఊరి మనవడు (కర్నూలు)
మాది శ్రీశైలం జలాశయంలో మునిగిన ఊరు. 1981లో ఖాళీ చేయించారు. ఎండాకాలం నీళ్లు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడినప్పుడు తాత మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లేవాడు. ప్రాజెక్టు వద్దని ఆయన ఏనాడూ అనలేదు. ‘మమ్మల్ని ఒక్కసారి కూర్చోబెట్టి అడిగి ఉంటే చింతచెట్టు ఎక్కడ నాటుకోవాలో చెప్పేవాళ్లం’ అనేవాడు. చీనీతోట గారూ, ఆదివారానికి తీర్మానం ముందే రాసుకుని వెళ్లకండి. బోరు లేనివాళ్లను చేతులెత్తడానికి మాత్రమే పిలిస్తే వాళ్లకు అది ఊరు ఖాళీ చేయమనే నోటీసు లాంటిదే.

చీనీతోట
రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను. తీర్మానం కాగితం నా సంచిలో ఉన్న మాట నిజం. దాన్ని తీసేశాను. ఆదివారం ఓటు ఉండదు. బోర్లు లేనివాళ్లు ముందు మాట్లాడతారు. ఆ తర్వాత వారం రోజులు ఊళ్లోని ప్రతి బోరు దగ్గరా 200 లీటర్ల డ్రమ్ము పెట్టి ఎంతసేపట్లో నిండుతుందో అందరి ఎదుట రాసుకుంటాం. రబీలో ఎవరు ఏం వేయాలన్నది ఆ లెక్క చేతికొచ్చాకే. పైపు ముందు నా బోరు నుంచే వేయిస్తాను, ఖర్చు నాదే. కొత్త బోర్లు ఆగాలన్న మాట మీద మాత్రం నేను ఇంకా ఉన్నాను. రిగ్గు పక్కన కూర్చున్న ఆ రాత్రిని మరచిపోలేను.

మెట్టచేను
బోర్లు ఆపే విషయంలో నేనింకా ఒప్పుకోలేదన్నా. అయినా ఆదివారం వస్తాను. డ్రమ్ము మా ఇంట్లో ఉంది, తెస్తాను. మొదటి కొలత మీ బోరు దగ్గరే.