మియాటాలో 1.6 తీసి 1.8 ఇంజిన్ పెడితే పాత గేర్‌బాక్స్ సరిపోతుందా?

ప్రశ్న: 1990 మాజ్డా మియాటా కారు, మాన్యువల్. 1.6 లీటర్ల ఇంజిన్ తీసేసి 1994 మోడల్ 1.8 ఇంజిన్ పెడుతున్నాను. పాత గేర్‌బాక్సే ఉంచొచ్చా? క్లచ్ ఏది?

జవాబు: ఉంచొచ్చు, బోల్టులు సరిగ్గా కూర్చుంటాయి. క్లచ్, ఫ్లైవీల్ (క్రాంక్ షాఫ్ట్ చివర బిగించే బరువైన చక్రం) మాత్రం 1.8వే జతగా వాడండి. 1.6 క్లచ్ ప్లేటు వ్యాసం 200 మి.మీ., 1.8ది 215. ఇంజిన్ బయట ఉండగానే వెనక క్రాంక్ సీల్ (క్రాంక్ షాఫ్ట్ వెనక ఆయిల్ కారకుండా ఆపే రింగు), పైలట్ బేరింగ్ (గేర్‌బాక్స్ షాఫ్ట్ కొనను పట్టుకునేది) మార్చేయండి. తర్వాత సీల్ కారితే మళ్లీ గేర్‌బాక్స్ దించాల్సిందే.

మరో జవాబు: ఇంజిన్, గేర్‌బాక్స్ కలిపేటప్పుడు తొందరపడకండి. అలైన్‌మెంట్ టూల్‌తో క్లచ్ ప్లేటును మధ్యకు తెచ్చాకే ప్రెషర్ ప్లేటు (క్లచ్ ప్లేటును ఫ్లైవీల్‌కు నొక్కి ఉంచేది) బిగించండి. చివర అంగుళం సందు మిగిలిందని బోల్టులతో లాగారో, బెల్ హౌసింగ్ (గేర్‌బాక్స్ ముందుండే గంట ఆకారపు కవచం) బోల్టు చెవి విరుగుతుంది! క్రాంక్‌ను కాస్త తిప్పండి; స్ప్లైన్లు (షాఫ్ట్ మీది పళ్లు) కలిస్తే ఇంజిన్, గేర్‌బాక్స్ ముఖాలు రెండూ చేత్తో నెడితే చాలు, ఆనుకుంటాయి. గేర్‌బాక్స్ బరువు ఇన్‌పుట్ షాఫ్ట్ (క్లచ్‌లోకి దూరే గేర్‌బాక్స్ షాఫ్ట్) మీద వేలాడితే క్లచ్ ప్లేటు వంగి, గేర్లు గీరుకుంటాయి.

ప్రశ్న అడిగినవారు: అర్థమైంది, థ్యాంక్సండీ. ఫ్లైవీల్ కూడా 1.8దే తీసుకుంటాను.