వారానికి ఒక్కసారి వేసుకోవాల్సిన మెథోట్రెక్సేట్ రోజూ వేసుకుంటే, తప్పు రోగిదేనా?

చర్చ మొదలుపెట్టినవారు: మందుచీటీ

కీళ్లవాతానికి, సోరియాసిస్‌కి రాసే మెథోట్రెక్సేట్ వారంలో ఒక్కరోజే వేసుకోవాలి. కొందరు రోజూ వేసేసుకుంటారు. కొద్దిరోజుల్లోనే నోరంతా పుండ్లు, జ్వరం, తెల్లకణాలూ ప్లేట్‌లెట్లూ పడిపోవడం. ప్రాణాలు పోయిన కేసులు వైద్య పత్రికల్లో ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నాయి. కేస్ షీట్‌లో మాత్రం "రోగి మోతాదు తప్పుగా వాడారు" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. చీటీ మీద వారానికి అనే ఉందనుకోండి, అప్పుడు ఆ ముక్క న్యాయమేనా? మోతాదులు, నిబంధనలు పట్టుకుని మాట్లాడండి.

కీళ్ల_ఓపీ

న్యాయమే అంటాను, కొంతవరకు. పెద్దవాళ్లకి వారం మోతాదు సాధారణంగా 7.5 నుంచి 25 మిల్లీగ్రాములు. రోజుకి 7.5 చొప్పున వేసుకుంటే వారానికి 52.5 అవుతుంది. నోటితో చెప్పి, చీటీ మీద రాసి ఇచ్చాక ఇంకేం చేయాలి?

అసలు మోతాదు ఒక్కటే కాదు. మొదటి మూడు నెలలు రెండు నుంచి నాలుగు వారాలకోసారి సీబీపీ (రక్తకణాల లెక్క), ఎల్‌ఎఫ్‌టీ (కాలేయ పరీక్ష), క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) చేయించుకోవాలి. తర్వాత రెండు మూడు నెలలకోసారి. మందు బయటికి పోయేది ఎక్కువగా కిడ్నీల ద్వారానే కాబట్టి, క్రియాటినిన్ పెరిగితే సరైన మోతాదు కూడా విషమవుతుంది. నొప్పులు తగ్గగానే పరీక్షలు మానేసి, పాత చీటీతో మందు మాత్రం కొంటూ పోతారు. పైగా మూత్రంలో మంట అని ఆర్‌ఎంపీ దగ్గర సెప్ట్రాన్ అనే యాంటీబయాటిక్ తెచ్చుకుంటారు. అందులో ఉండే ట్రైమెథోప్రిమ్ కూడా మెథోట్రెక్సేట్ లాగే ఫోలేట్ అనే విటమిన్ పని చేసే దారినే మూస్తుంది. రెండూ కలిస్తే రక్తకణాలు తయారయ్యే ఎముక మూలుగ దెబ్బతింటుంది. మెథోట్రెక్సేట్ వాడుతున్నానని అక్కడ చెప్పాల్సింది రోగి కాక ఇంకెవరు?

కౌంటర్_వెనక

చీటీ మీద ఉందంటున్నారు కదా సార్, ఎలా ఉందో చూద్దాం. మన చీటీల భాష 1-0-0, 1-0-1, అంటే ఉదయం-మధ్యాహ్నం-రాత్రి ఎన్నేసి బిళ్లలో. అందులో వారం అనే గడే లేదు. మెథోట్రెక్సేట్ ఎదురుగా 1-0-0 అని వేసి, పక్కన ఇంగ్లిష్‌లో ఓడబ్ల్యూ (వారానికోసారి) అని గీకితే షాపులో కుర్రాడికి అది ఓడీలా (రోజుకోసారి) కనబడుతుంది. కవరు మీద "ఉదయం 1" అని రాసిచ్చేస్తాడు. దాంతోపాటే దుష్ప్రభావాలు తగ్గించే ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములది ఉంటుంది. చాలా బ్రాండ్లలో రెండూ చిన్న పసుపు బిళ్లలే. "ఒకటి వారానికి, ఒకటి మిగతా రోజులు" అని గబగబా చెబితే తారుమారు కాక ఏమవుతుంది?

స్ట్రిప్ కత్తిరించడం ఇంకో తలనొప్పి. పేరున్న ముక్క షాపులో ఉండిపోతుంది, ఖాళీ రేకు రోగి చేతికి పోతుంది.

7.5 బిళ్ల అయితే నాలుగు వారాలకి నాలుగు చాలు. 2.5వి మూడేసి అయితే పన్నెండు. అంతే ఇవ్వాలి. ఇంట్లో ఉన్నవి నాలుగే అయితే, రోజూ వేసుకున్నా ఐదో రోజు మందు ఉండదు, మళ్లీ షాపుకి వస్తాడు, అక్కడ దొరికిపోతాడు. పది బిళ్లల స్ట్రిప్ మొత్తం అంటగట్టామంటే ఆ అడ్డు మనమే తీసేసినట్టు.

మా వైపు తప్పు లేదనను. మందు ఎలా వాడాలో చెప్పడం ఫార్మసిస్ట్ విధి అని 2015 ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్‌లో ఉంది. కానీ సర్టిఫికెట్ గోడకి, ఫార్మసిస్ట్ ఇంకెక్కడో. ఇలాంటి షాపులు ఎన్ని లేవు?

వినియోగదారు_పక్షం

చట్టం వైపు నుంచి. బాధితుడి వంతు నిర్లక్ష్యం కూడా ఉందని వాదించే ఆసుపత్రే దాన్ని రుజువు చేయాలి. "చెప్పాం" అంటే చాలదు.

అనురాధా సాహా కేసు చూడండి. 1998లో కోల్‌కతాలో చర్మవ్యాధికి డెపో-మెడ్రాల్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ 80 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు ఇచ్చారు. ఆవిడ అదే ఏడాది చనిపోయారు. (జబ్బు ఆ స్టెరాయిడ్ వల్ల వచ్చిందని కాదు, జబ్బుకిచ్చిన స్టెరాయిడ్ మోతాదు అడ్డగోలుగా ఉందన్నదే గొడవ.) భర్త కునాల్ సాహా స్వయానా డాక్టర్. ఆయన చికిత్సలో జోక్యం చేసుకున్నారని జాతీయ వినియోగదారుల కమిషన్ పరిహారంలో 10 శాతం కోసింది. 2013లో సుప్రీంకోర్టు ఆ కోతని కొట్టేసి, పరిహారాన్ని దాదాపు 5.96 కోట్లకి పెంచింది. డాక్టరైన భర్త మీదే ఆ నింద నిలవలేదు. ఓడబ్ల్యూ అంటే ఏంటో తెలియని మనిషి మీద నిలుస్తుందా?

మందుల పేర్లు అర్థమయ్యేలా, వీలైతే పెద్దక్షరాల్లో రాయాలని 2016లోనే మెడికల్ కౌన్సిల్ నిబంధన మార్చింది. అది పాటించని చీటీ కమిషన్ ముందుకి వస్తే డాక్టర్‌కే ఇబ్బంది. కేసు వేయడానికి గడువు రెండేళ్లు. రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. కాబట్టి చీటీ, బిల్లు, మిగిలిన బిళ్లలు, కవరు పారేయకండి. షాపువాళ్లు ఏం రాశారో చెప్పేది ఆ కవరే.

కీళ్ల_ఓపీ

ఆ కేసులో మోతాదు నిర్ణయించింది డాక్టర్లు, ఇక్కడ మింగింది రోగి. రెండూ ఒకటి కాదండీ. చీటీ విషయంలో మాత్రం ఒప్పుకుంటాను. 1-0-0 అసలు వాడకూడదు. "బుధవారం మాత్రమే" అని తెలుగులో, రోజు పేరుతో రాయాలి. ఫోలిక్ యాసిడ్ ఏ రోజో దాని పక్కనే. యూరప్ మందుల సంస్థ 2019లో చెప్పింది కూడా దాదాపు ఇదే: వాడాల్సిన రోజు రాసుకునే కార్డు, డబ్బాలు మానేసి బ్లిస్టర్ ప్యాక్‌లు.

పరీక్షల దగ్గర మాత్రం తగ్గను. తేదీ రాసిచ్చాక రాకపోతే అది రోగి లెక్కలోకే.

వార్డు_డ్యూటీ

రక్తపరీక్షకి ఒక రోజు కూలీ పోతుంది సార్, పట్నానికి బస్సు చార్జీ అదనం. నాలుగు వారాల మందే ఇచ్చి, సీబీపీ చూశాకే తర్వాతి చీటీ రాస్తే, ఆ మానేయడం మీ కళ్లముందే తెలిసిపోతుంది కదా.

ఇంకో సంగతి ఎవరూ ఎత్తలేదు. నింద వల్ల చికిత్స ఆలస్యమవుతుంది. "రోజూ వేసుకున్నావా?" అని గద్దిస్తే "లేదు" అంటారు. అక్కడితో మనం డెంగీ అనుకుని ప్లేట్‌లెట్ల వెనక పడతాం. "ఈ బిళ్ల ఏయే రోజుల్లో వేసుకున్నారు, నిన్న వేసుకున్నారా?" అని మామూలుగా అడగాలి, స్ట్రిప్ తెప్పించి లెక్కపెట్టాలి. నోటిపుండ్లు, జ్వరం ఉంటే మెథోట్రెక్సేట్ ఆపి వెంటనే దానికి విరుగుడైన ల్యూకోవోరిన్ మొదలుపెట్టాలి. ఫోలిక్ యాసిడ్ పెంచితే సరిపోదు. మెథోట్రెక్సేట్ మూసేసిన ఎంజైమ్ దగ్గరే అది ఆగిపోతుంది, ల్యూకోవోరిన్ దాన్ని దాటి పోతుంది. రక్తంలో మందు స్థాయి తక్కువ వచ్చిందని ధీమా పడొద్దు, కణాల్లో దూరింది అందులో కనబడదు.

తర్వాత పీవీపీఐకి (మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే జాతీయ కార్యక్రమం) రిపోర్ట్ చేయండి. 1800-180-3024 టోల్‌ఫ్రీ. రోగి బంధువులు నింపే ఫారం వేరే ఉంది. ఏ మందు, ఎంత, ఎప్పటినుంచి, ఏమైంది అని రాస్తే చాలు.

కౌంటర్_వెనక

ఆ ఫారం ఎంతమంది షాపువాళ్లు చూశారో అడగకండి. కత్తిరించిన స్ట్రిప్ మాత్రం రేపే ఆపొచ్చు. నాలుగు బిళ్లలు కోసినా మందు పేరు, గడువు తేదీ ఉన్న వైపు రోగికి ఇచ్చి, వెనక రేకు మీద మార్కర్‌తో "బుధ" అని రాయడానికి అర నిమిషం పట్టదు.