నరాల నొప్పి ఏళ్ల తరబడి ఉండిపోవడం: తప్పు నరానిదా, మెదడుదా?

మేలుకువ:
అక్కి లేచి తగ్గి చాలా నెలలైంది. మచ్చలు కూడా మానాయి, కానీ పక్కటెముకల మీద చొక్కా ఆనితే చాలు భగ్గున మండుతోంది, ఫ్యాను గాలి తగిలినా అంతే. డాక్టరు గారు "చర్మం మానింది, మీ మెదడూ వెన్నుపామూ మాత్రం ఇంకా నొప్పికి అలవాటు పడి ఉన్నాయి" అని అమిట్రిప్టిలిన్ రాశారు. నెట్‌లో చూస్తే అది డిప్రెషన్ మాత్ర. నిజంగా మెదడు పనేనా ఇది, లేక నన్ను వదిలించుకున్నారా?

పాతకాపు:
వదిలించుకోవడమే తమ్ముడూ. నాకు అరికాళ్లు మండేవి. నరంలో కరెంటు ఎలా పోతుందో చూసే నర్వ్ కండక్షన్ టెస్టు నార్మల్ వచ్చిందని "అంతా మెదడులోనే ఉంది, టెన్షన్ తగ్గించుకోండి" అని పంపేశారు. ఆ టెస్టు లావు నరాలనే పట్టుకుంటుంది, మంటని మోసే సన్న నరాలు దానికి అందవు, ఈ మాట అప్పుడు ఒక్కరూ చెప్పలేదు. తర్వాత ఇంకోచోట కాలి చర్మం చిన్న ముక్క తీసి బయాప్సీ చేస్తే సన్న నరాల కొసలు రాలిపోయాయని తేలింది. దెబ్బ నరంలో ఉంటే మెదడు మీదకి తోస్తారా?

సుజాత_కె:
పాతకాపు గారూ, మీకు జరిగింది అన్యాయమే, కాదనను. కానీ దాన్ని పట్టుకుని మెదడుకి సంబంధమే లేదంటే ఎలా? 1965లోనే నొప్పి మీద పరిశోధన చేసిన మెల్జాక్, వాల్ చెప్పారు, వెన్నుపాములో ఒక గేటు లాంటిది ఉంటుంది, కింద నుంచి వచ్చే నొప్పిని మెదడు అక్కడే పెంచనూగలదు తగ్గించనూగలదు అని. 1983లో క్లిఫర్డ్ వుల్ఫ్ అనే ఇంకో పరిశోధకుడు, దెబ్బ తర్వాత వెన్నుపాములోని కణాలే అతిగా స్పందించడం మొదలుపెడతాయని చూపించాడు. చొక్కా ఆనితే మండటం అందుకే, మామూలు స్పర్శ కూడా నొప్పిగా చేరుతుంది. కాలు తీసేశాక లేని పాదం నొప్పి పెడుతుంది కదా, అక్కడ ఏ పాదం ఉందని?

పాతకాపు:
లేని పాదం సంగతి అందరూ చెప్పేదే. 2014లో ఒక పేపర్ వచ్చింది, వెన్ను దగ్గర నరాల మొదట్లో మత్తుమందు ఇస్తే చాలామందికి ఆ లేని కాలి నొప్పి కాసేపు పోయింది. మెదడులో పుడితే కింద మత్తిస్తే ఎందుకు పోవాలి? జవాబు చెప్పండి.

లక్ష్మీ_ఆర్:
మా నాన్నగారికి షుగర్ వల్ల కాళ్ల మంటలు. నరాల నొప్పికిచ్చే ప్రెగాబాలిన్ మాత్ర వేసుకుంటే తూలుతున్నారు, ఇంకెవరికైనా ఇలా ఉందా

సుజాత_కె:
సిగ్నల్ నరం నుంచి వస్తుందని నేనూ అంటున్నాను. వచ్చిన సిగ్నల్‌ని ఎంత పెద్దది చేయాలో పైన తేలుతుంది. అమిట్రిప్టిలిన్ డిప్రెషన్‌కి ఇచ్చే డోసు కంటే బాగా తక్కువలో నొప్పికి పనిచేస్తుంది, మెదడు కాండం (మెదడు అడుగున వెన్నుపాముతో కలిసే భాగం) నుంచి కిందికి వచ్చి నొప్పిని అణచే బ్రేకుని గట్టి చేస్తుంది.

పాతకాపు:
అదే మందు నరంలో సోడియం చానళ్లని, అంటే సిగ్నల్ పుట్టించే సన్న ద్వారాలని, కూడా ఆపుతుంది. అంటే నరం మీద పనిచేసినట్టే. దీనికి జవాబు రాలేదు.

సుజాత_కె:
రెండు చోట్లా పనిచేస్తుంది!! ఒక్క సోడియం చానల్ పట్టుకుని ఎంతసేపు లాగుతారు?

పాతకాపు:
మీరు మాత్రం పేషెంట్‌దే తప్పన్నట్టు మాట్లాడొచ్చు. నొప్పి ఊహ అని నేరుగా అనేయండి, తీరిపోతుంది.

సుజాత_కె:
ఎక్కడన్నాను? చూపించండి. నేనూ నొప్పితోనే బతుకుతున్నాను. డిస్కు ఆపరేషన్ అయ్యాక కాలు నొప్పి తగ్గలేదు, స్కాన్‌లో నరం మీద ఒత్తిడి లేదని క్లియర్‌గా వచ్చింది, అయినా కారణం దొరకాల్సిందేనని డాక్టర్ల చుట్టూ తిరిగాను, ఒకాయన మళ్లీ కోశాడు, ఇప్పుడు కూర్చోలేను. "నరం సంగతి చూశాం, ఇక వెన్నుపాము, మెదడు వైపు నుంచి తగ్గిద్దాం" అని ఎవరైనా ముందే చెప్పి ఉంటే రెండోసారి బల్ల ఎక్కేదాన్ని కాదు.

పాతకాపు:
అలా జరగడం ఘోరం అమ్మా. కానీ నాకు సరిగ్గా తిరగబడింది. మెదడు అన్న మాట ఫైలులో పడ్డ రోజు నుంచి ఇక ఒక్క టెస్టూ రాయలేదు. మందు మెదడు మీద పనిచేస్తే నాకేం అభ్యంతరం, నా కోపమంతా వెతకడం ఆపేయడం మీద.

సుజాత_కె:
నా కోపం ఆపకపోవడం మీద.

ఫిజియో_వినయ్:
అసలు గొడవ ఎప్పుడు ఆపాలి అన్నదే అన్నమాట. అక్కి కేసులో వెతకాల్సిందేమీ లేదు, వైరస్ వెన్ను పక్క నరపు ముడిని దెబ్బతీసిందని తెలుసు. కొందరికి లిడోకెయిన్ ప్యాచ్ (చర్మం మీద అంటించే మత్తుమందు పట్టీ) పైనుంచి, ఈ మాత్ర లోపలినుంచి, రెండూ ఇస్తారు.

మేలుకువ:
అయితే మాత్ర మొదలుపెట్టొచ్చంటారా? నోరు ఎండిపోతుందని భయపెడుతున్నారు.

సుజాత_కె:
ఎండుతుంది, పొద్దున మత్తుగా కూడా ఉంటుంది, అందుకే రాత్రి వేసుకోమంటారు. గ్లకోమా, గుండె దడ, మూత్రం ఆగడం లాంటివి ఉంటే డాక్టరుకి ముందే చెప్పండి.

పాతకాపు:
ప్యాచ్ గురించి కూడా అడుగు తమ్ముడూ. సోడియం చానళ్ల మీదే పనిచేస్తుంది అది.