మూతపడిన సినిమా హాలును తెరిపించడానికి చందా ఇవ్వవచ్చునా?

ప్రశ్న: పొగతోట వాసి, నెల్లూరు

ట్రంకు రోడ్డుకు కూతవేటు దూరంలో, కరోనా కాలంలో మూతపడి మళ్ళీ తెరుచుకోని ఒక పాత సినిమా హాలును బాగుచేసి నడపాలని మా ప్రాంతపు వర్తకులు, విశ్రాంత ఉద్యోగులు కొందరు కలిసి కమిటీగా ఏర్పడ్డారు. హాలును అమ్మబోమని, లీజుకు మాత్రం ఇస్తామని యజమాని వారసులు నోటిమాటగా చెప్పారట. ఆ మాట మీదనే రసీదు పుస్తకాలు అచ్చు వేయించి ఇల్లిల్లూ తిరుగుతున్నారు. మామూలు రోజుల్లో సినిమాలు, నెలలో కొన్ని సాయంత్రాలు నాటకాలు, కచేరీలు అన్నది వారి ఆలోచన. హాలు తెరుచుకుంటే టిఫిను బండ్లకూ చిన్న అంగళ్ళకూ సాయంత్రపు బేరం తిరిగి వస్తుందన్నది వర్తకుల ఆశ.

ఇచ్చేది చందానా, పెట్టుబడా అని అడిగితే ఒకరు చందా అన్నారు, మరొకరు తరువాత వాటాగా మారుస్తామన్నారు. మా వీధిలో దీని మీద పెద్ద వాదమే నడుస్తున్నది. డబ్బు ఇచ్చే ముందు ఏమేమి అడగాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: మూలాపేట నుంచి

నేను ఇవ్వను. ఆ హాలు మీద నాకూ అభిమానమే ఉన్నది కాని, ఒక కుటుంబపు ఆస్తిని ఊరి డబ్బుతో బాగుచేయించి, లీజు ముగిసిన నాడు తాళాలు వారి చేతికే అప్పగించే ఏర్పాటును ప్రజాసేవ అనడానికి నాకు మనసొప్పదు. కొత్త పైకప్పు, ఏసీ గొట్టాలు, కొత్త వైరింగు, ఇవేవీ ఊడదీసి తెచ్చుకొనేవి కావు. ఏడాదికి మించిన లీజు ఏదైనా 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు కావలసిందే. స్టాంపు ఖర్చుకు వెనుకాడి పదకొండు నెలల అగ్రిమెంటుతో సరిపెట్టుకుంటే పన్నెండో నెలలో యజమాని ఏ అద్దె చెబితే అదే అద్దె. వారసుల్లో ఒక్కరు సంతకం పెట్టకపోయినా రేపు కోర్టు మెట్లు ఎక్కవలసింది కమిటీయే.

నాటకాలకంటారా, రేబాల లక్ష్మీనరసారెడ్డి గారి దాతృత్వంతో వెలసిన పురమందిరం (టౌన్ హాలు) మనకు ఉండనే ఉన్నది. ఉన్నదాన్ని చక్కగా చూసుకోవడానికి ఈ ఉత్సాహంలో సగం చూపినా చాలును.

జవాబు: పాత ఆపరేటరు, కావలి

పెచ్చులూడిన గోడలు, విరిగిన కుర్చీలు కంటికి కనిపిస్తాయి కాబట్టి కమిటీలన్నీ వాటి ఖర్చే లెక్క వేసుకుంటాయి. మా జిల్లాలో చిన్న హాళ్ళు మూతపడ్డది బొమ్మ, అంటే ఆడించడానికి సినిమా, అందక. ఒకప్పుడు రిలీజు హాలులో ఆడి దిగిన సినిమా షిఫ్టింగులో చిన్న హాళ్ళకు వచ్చేది, తరువాత పల్లెల్లోని టూరింగు టాకీసులకు పోయేది. 2000 అడుగుల రీలు సుమారు 22 నిమిషాలు నడిచేది. ఒకే ప్రింటును రెండు హాళ్ళు పంచుకొంటే, ఇక్కడ ఆడిన రీళ్ళను సైకిలు మీద అక్కడికి చేర్చడానికి ఒక మనిషి ఉండేవాడు. (ఆ మనిషి టైరు పంక్చరైతే అవతలి హాలులో ఈలలే ఈలలు.) డిజిటల్ వచ్చాక అన్ని హాళ్ళలోనూ ఒకేనాడు విడుదల అయిపోతున్నది, కొద్ది వారాలకే ఓటీటీకి చేరుతున్నది. ఇక షిఫ్టింగుకు మిగిలేదేమిటి?

కాబట్టి కమిటీవారిని మొదట అడగవలసినది బొమ్మ ఎవరిస్తారని. కొత్త సినిమా కావాలంటే డిస్ట్రిబ్యూటరు హాలుకు ఇంతని అద్దె కట్టే పద్ధతికి వస్తాడో, వసూళ్ళలో వాటా పంచుకొనే పర్సంటేజీకి వస్తాడో ముందే తేల్చుకోవాలి. వచ్చినా పెద్ద సినిమాలు పండుగలకు మాత్రమే ఉంటాయి. మిగతా వారాల్లో ఇరవై మంది కోసం ఏసీ వేయవలసి వస్తుంది. ఆట పడినా పడకపోయినా కరెంటు బిల్లులో స్థిర చార్జీ తప్పదు.

లైసెన్సు మరొక మెట్టు. 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం కింద బీ-ఫారం (సినిమా ఆడించే లైసెన్సు) కావాలి, దానికి అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), విద్యుత్ తనిఖీ పత్రం వంటివన్నీ జతపడాలి. 2021 డిసెంబరులో రాష్ట్రమంతటా తనిఖీలు జరిగి, ఈ కాగితాలు సరిగా లేని హాళ్ళు ఎన్నో మూతపడిన సంగతి మరువరాదు. పాత హాలులో బయటికి పోయే దారులు నేటి నిబంధనలకు చాలకపోతే గోడలే కొట్టవలసి వస్తుంది. రసీదు పుస్తకాల కంటే ముందు ఒక ఇంజనీరును తీసుకువెళ్ళి చూపించడం మేలు. ఒక్క ఊరట ఏమిటంటే, 2025 సెప్టెంబరు 22 నుంచి వంద రూపాయలు దాటని టిక్కెట్టు మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది.

జవాబు: ఆడిటు పని చేసేవాణ్ణి, ఒంగోలు

చందా, వాటా అన్న రెండు మాటలనూ ఒకే రసీదు మీద కలపడం ప్రమాదం. సొసైటీగా పెట్టుకుంటే 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులతో రిజిస్టరు చేసుకోవచ్చు, అయితే లాభాన్ని సభ్యులు పంచుకోవడానికి వీలు లేదు. కంపెనీ పెట్టి వాటాలు ఇస్తామంటే, ప్రైవేటు కంపెనీ తన వాటాలు కొనమని ప్రజలను ఆహ్వానించనే కూడదు. ఇంటింటికీ తిరిగి వాటాల పేరున వసూలు చేయడం ఏ విధంగానూ కుదరని పని. మీకు 'తరువాత మారుస్తాం' అన్నవారికి ఈ తేడా తెలియదని అనుకుంటాను.

పన్ను మినహాయింపు ఆశ చూపితే జాగ్రత్తగా వినండి. దాతకు పన్ను మినహాయింపు తెచ్చే గుర్తింపు (1961 నాటి చట్టంలో 80జి) వచ్చిన సంస్థకు ఇచ్చినా, 2000 రూపాయలు దాటిన నగదుకు మినహాయింపు లేదు; కొత్త పన్ను విధానంలో ఉన్న దాతకు అసలే లేదు. పైగా ప్రజోపయోగ సంస్థగా గుర్తింపు పొంది వ్యాపారం వంటి పని చేస్తే, ఆ రాబడి మొత్తం రాబడిలో 20 శాతం మించరాదు. రోజూ నాలుగాటలు వేసి టిక్కెట్లు అమ్మే సొసైటీ ఆ గీత లోపల ఉండడం కష్టం. సినిమా నడిపే పని, కళలను పోషించే పని వేరువేరు లెక్కల్లో, వీలైతే వేరువేరు సంస్థల్లో ఉండాలి.

నేనైతే ఇప్పుడు డబ్బు ఇవ్వక, ఇంత ఇస్తానని కాగితం మీద మాత్రం రాసి ఇస్తాను. లీజు రిజిస్టరు అయి, ఇంజనీరు అంచనా వచ్చి, దానికి సరిపడా ఇస్తామన్న మాటలు పోగయ్యాకనే బ్యాంకు ఖాతాకు చెక్కు.

జవాబు: నాటకాభిమాని, దర్గామిట్ట

మూలాపేట పెద్దాయన మాటతో నేను ఏకీభవించను. కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం నుంచి పనుల మీద వచ్చిన కుటుంబం నడిచి చేరుకొని, తక్కువ టిక్కెట్టుతో కూర్చొని, ఆఖరి బస్సు అందుకొనే హాలు ఊరి నడుమ ఒకటి ఉండడం అవసరమే. పురమందిరం ఉన్నదని రెండోది వద్దనడం భావ్యం కాదు. అయితే సినిమా హాలులో నాటకం వేస్తామన్నవారు తెర ముందున్న అరుగును ఒకసారి కొలిచి చూడాలి. తెర వెనుక గోడే ఉంటుంది. వింగ్స్‌కు (నటులు వచ్చిపోయే పక్క మరుగులకు) చోటుండదు, మేకప్ గది ఉండదు, లైట్లు కట్టడానికి పైన ఆధారం ఉండదు. ఏకపాత్రలకు చాలునేమో కాని, పద్యనాటకానికి చాలదు. ఆ మార్పుల ఖర్చు వారి అంచనాలో ఉన్నదా అని అడగండి.

పొగతోట వాసి:

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం కమిటీ కూర్చుంటున్నది. వారసులందరి సంతకాలతో రిజిస్టరైన లీజు, ఇంజనీరు నివేదిక, బొమ్మ ఇచ్చేవారి రాతపూర్వక అంగీకారం చూపేవరకు వసూలు ఆపాలని, ఇంతవరకు వసూలైన దానికి లెక్క చూపి, వాటా అనుకొని ఇచ్చినవారు కోరితే తిరిగి ఇవ్వాలని అడుగుతాను.

మూలాపేట నుంచి:

అవన్నీ చూపితే నా పేరు కూడా రాసుకోండి. లీజు ఎన్నేళ్ళకో మాత్రం ముందుగా చెప్పండి. పదేళ్ళకు తగ్గితే నా మాట మొదటిదే.